కాటా మీద మా చెల్లెలు

మా మేనత్త పోయినప్పుడు నేను ఏడవలేదు. నరసరావుపేట బజారులో సగంమంది ఆడవాళ్లు వచ్చి ఆమె కాళ్ల దగ్గర కూర్చుని శోకాలు పెడుతుంటే నేను గుమ్మానికి ఆనుకుని చూస్తూ నిలబడ్డాను. "అదేంది, మేనకోడలు కంట తడన్నా పెట్టలేదు" అని ఎవరో గొణిగారు. నాకు వినపడాలనే గొణిగారు. నేనూ వాళ్లకు కనపడాలనే నిలబడ్డాను. పోయినవాళ్లను తిట్టకూడదంటారు. బతికున్నప్పుడు తిట్టనిచ్చారా? పెద్దదన్నారు, చిన్నప్పుడే మొగుడు పోయినదన్నారు, పాపమన్నారు. ఇప్పుడేమో పోయిందంటున్నారు. మరి నేను ఎప్పుడు తిట్టాలి? అందుకే రాస్తున్నాను.

మాది బెల్లం, చింతపండు, మిరపకాయల వ్యాపారం. బజారు వైపు కొట్టు, వెనక వైపు ఇల్లు. కొట్టు నడిమధ్య దూలానికి పెద్ద కాటా వేలాడుతూ ఉండేది. దాని రెండు చెక్కపలకలూ బస్తాల రాపిడికి నున్నగా అద్దాల్లాగా అయిపోయాయి. మా నాయన మనుషుల మాటలు నమ్మేవాడు కాదు. రైతు తన మిరపకాయలు ఎంత బాగా ఎండాయో చెప్పబోతే "కాటా చెబుతుందిలే" అనేవాడు. తూచేటప్పుడు ఎవరూ మాట్లాడకూడదు, అది మా కొట్టు ఆచారం. ఒకటి అని మొదలుపెట్టకూడదు, లాభం అనాలి. లాభం, రెండు, మూడు అని మా నాయన గొంతు పొద్దున్నించి సాయంత్రం దాకా ఇంట్లోకి వినపడుతూనే ఉండేది. తూచడం అయిపోయాక మాత్రం ఆ బరువు గురించి ఎవరేమన్నా ఆయన తల తిప్పేవాడు కాదు. ముల్లు నిలబడ్డాక ఇక మాట లేదు.

ఇల్లు నడిపేది మా మేనత్త. నాయనకు అక్క. ఊహ తెలియని వయసులో పెళ్లయి, ఊహ తెలిసేలోపు విధవై పుట్టింటికి వచ్చింది. సామాన్ల గది తాళాలు ఆమె నడుముకు ఉండేవి. మా అమ్మ పిడికెడు కందిపప్పు కావాలన్నా "వదినా" అని పిలిచి నిలబడాల్సిందే. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మా అత్త నోటికి ఊరంతా భయపడేది, ఆ భయాన్నే గౌరవమనుకునేది ఆమె.

మా చెల్లెలు నాకంటే ఐదేళ్లు చిన్నది. పసితనంలో విషజ్వరం వచ్చి బతకదనుకున్నప్పుడు, మా అత్త కోటప్పకొండ స్వామికి మొక్కుకుంది. పిల్ల దక్కితే పెళ్లీడుకొచ్చాక దాని ఎత్తు బెల్లం తూచి ఇస్తానని. ఇలాంటి మొక్కు మా వ్యాపారుల ఇళ్లల్లో ఉన్నదే. అయితే కొండ దగ్గరుండే త్రాసు మీద తూచుకోవడం మాకు నామోషీ. ఎవరి కొట్టు కాటా వాళ్లు బండిలో వేసుకుపోయి, కొండ కింద మూడు దుంగలు పాతి వాటికి వేలాడగట్టి, పదిమంది చూస్తుండగా తూచాలి. కాటా నిజాయితీ, ఇంటి పరువు, రెండూ ఒకేసారి తేలతాయి.

ఆ శివరాత్రికి నేను గురజాలలో అత్తగారింటి నుంచి వచ్చాను. మా చెల్లెలికి సంబంధాలు చూస్తున్న రోజులు. గుండ్రటి ముఖం, నవ్వితే కళ్లు మూసుకుపోయేవి. తిండంటే దానికి చెప్పలేనంత ఇష్టం. వేడి అన్నంలో గోంగూర పచ్చడి కలుపుకుని నూనె చెయ్యి నాకుతూ తినేది, కారప్పూస వండుతుంటే పొయ్యి దగ్గర్నుంచి లేచేది కాదు. ఆ పిల్లను పట్టు పావడాతో కాటా మీద కూర్చోబెట్టారు. చుట్టూ బజారులోని మా వాళ్లందరూ ఉన్నారు. వెనక తిరునాళ్ల ప్రభలు పోతున్నాయి, డప్పులు మోగుతున్నాయి. నాయన లాభం, రెండు అంటూ బెల్లం అచ్చులు పెట్టిస్తున్నాడు. తెచ్చిన బెల్లం అయిపోయింది. ముల్లు ఇంకా నిలబడలేదు.

బెల్లం చాలకపోవడం నాయనకు తలవంపు. తల వంచుకుని, పక్క కొట్టాయన బండి దగ్గరికి మనిషిని పంపాడు. అప్పుడు మా అత్త గొంతెత్తింది. తూచేటప్పుడు మాట్లాడకూడదన్న ఆచారం ఆమెకు లేదు.

"ఒరేయ్ తమ్ముడూ, కొట్టంతా ఊడ్చి తెచ్చినా ఇది పైకి లేవదురా. దీన్ని చేసుకునేవాడికి మెట్ట పొలం చాలదు, చెరుకు తోట ఉండాల."

అందరూ నవ్వారు. మగవాళ్లు కండువాలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు, ఆడవాళ్లు పైకే నవ్వారు. సంబంధం మాట్లాడదామని వచ్చిన వినుకొండవాళ్లూ ఆ గుంపులోనే ఉన్నారు. మా చెల్లెలు కాటా మీద కదలకుండా కూర్చుంది. పావడా లాక్కుని పాదాలు కప్పుకుంది, చేతులు ఒళ్లోకి దాచుకుంది, తన ఒంట్లో ఏది దాస్తే ఆ నవ్వు ఆగుతుందో తెలియక. బెల్లం వచ్చింది, ముల్లు నిలబడింది, దాన్ని దించారు. ప్రసాదం ఇస్తే చేతిలో పట్టుకుంది గాని నోట్లో పెట్టుకోలేదు. బండిలో ఇంటికి వస్తూ దారిలో ఎడ్లకు పెట్టింది.

మళ్లీ నేను పుట్టింటికి వచ్చింది ఎండాకాలంలో. యుద్ధం రోజులు. పెట్రోలు లేక బస్సుకు వెనక బొగ్గుల కుంపటి తగిలించి నడిపేవాళ్లు. మిట్ట వస్తే మగవాళ్లు దిగి తొయ్యాలి. ఆ మసి ముఖంతోనే ఇంటి ముందు దిగాను. అరుగు మీద ఎండలో ఎవరో సన్నటి పిల్ల దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది. పల్నాటి ఎండ, నాపరాయి మీద కాలు పెడితే బొబ్బలెక్కే పొద్దు. ఎవరి పిల్లకో జ్వరం వచ్చిందనుకుని పక్కనుంచి లోపలికి పోబోయాను. "అక్కా" అంది ఆ పిల్ల.

పట్టుకుని చూశాను. నా పెళ్లప్పుడు దానికి కొనిపెట్టిన గాజులు మోచేతి దాకా ఎక్కి పోతున్నాయి. తల దువ్వబోతే జుట్టు దువ్వెనకు వచ్చేస్తోంది. చెంపల మీద పసిపిల్లలకు ఉన్నట్టు సన్నటి నూగు. చేతులు చల్లగా ఉన్నాయి. "ఏందే ఇది" అంటే "ఏముందక్కా, బాగానే ఉన్నాగా" అని నవ్వింది. ఆ నవ్వులో కళ్లు మూసుకుపోవడం లేదు.

రోజూ ఇంట్లో ఉన్న అమ్మకు కనపడనిది నాకు ఒక్కసారిగా కనపడింది. వంటిల్లు వదిలేది కాదు మా చెల్లెలు. అందరికీ అదే వండేది, అదే వడ్డించేది. విస్తరి ముందు నిలబడి "ఇంకొంచెం నెయ్యి వేసుకో అక్కా, నా మీద ఒట్టు" అని కొసరేది. పొద్దస్తమానం తిండి గురించే మాట్లాడేది, ఏ ఊళ్లో పులుసు ఎట్లా చేస్తారో, ఏ కూరకు ఏ పొడి సరిపోతుందో. తను మాత్రం తినేది కాదు. అడిగితే ఇందాకే అయిందనేది, లేకపోతే ఇవాళ ఉపవాసమనేది. శివరాత్రి తర్వాత మొదట సోమవారం పట్టిందట, తర్వాత శనివారం, తర్వాత ఏకాదశి. వారంలో ఎన్ని రోజులుంటే అంతమంది దేవుళ్లు దొరికారు దానికి.

అప్పటికి మా అత్త ఆ పిల్లను దేవతను చేసి కూర్చోబెట్టింది.

ఎట్లాగో చెబుతాను. తిండి లేని ఒంటికి నెలనెలా వచ్చేది ఆగిపోయింది. మా ఇళ్లల్లో ఆడపిల్ల బయట చేరితే ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. చాప వేరు, చెంబు వేరు. అందువల్ల ఆగిపోవడం కూడా అందరికీ తెలిసింది. పెళ్లికాని పిల్లకు ఆగిపోతే ఎవరైనా ఏం చెయ్యాలి? భయపడాలి. మా అత్త భయపడలేదు. "అమ్మవారు పిల్లకు అంటు తీసేసిందే. ఇక దీనికి మైల లేదు" అంది. ఆ మాట బజారంతా పాకింది. అంటు లేని పిల్ల కాబట్టి నెలంతా దేవుడి గదిలో దీపం అదే పెట్టాలి, మడి వంట అదే వండాలి. సాయంత్రమైతే ఆడవాళ్లు పసుపు కుంకాలు పట్టుకుని వచ్చేవాళ్లు, ఆ చల్లటి వేళ్లతో తీర్థం పోయించుకునేవాళ్లు, బిడ్డల్ని ఆశీర్వదించమని తెచ్చి కాళ్ల మీద పడేసేవాళ్లు. మా అత్త పక్కనే పీట వేసుకుని కూర్చుని, ఈ పిల్ల ఎన్నాళ్లుగా అన్నం ముట్టలేదో చెప్పేది. మొదట నవ్వింది తనే, ఇప్పుడు మొక్కించుకుంటున్నదీ తనే.

ఇంట్లో ఒకరొకరిని పట్టుకున్నాను. అమ్మ "మీ అత్తయ్య చూసుకుంటుంది గదా" అంది. నాయన "దేవుడి పని చేసుకునే పిల్లను ఆస్పత్రికెందుకు లాగుతావే" అని కొట్లోకి పోయాడు. మా ఆయనకు చెబితే, మీ పుట్టింటి సంగతిలో నేను వేలు పెడితే బాగుండదన్నాడు. ఊళ్లో వైద్యుడు నాడి చూసి లేహ్యం ఇచ్చాడు. అందులో బెల్లం ఉందని మా చెల్లెలు ఆ భరిణె మూత కూడా తియ్యలేదు.

నా పద్ధతిలో నేనూ చూశాను. తిట్టాను. బతిమాలాను. ఒకరోజు మెడ పట్టుకుని పెరుగన్నం ముద్దలు నోట్లో కుక్కాను. మింగింది. పెరట్లోకి పోయి అంతా కక్కేసి, బావి దగ్గర నోరు కడుక్కుని వచ్చి నా ముందే కూర్చుంది. నా మీద కోపం కూడా రాలేదు దానికి. ఆ తర్వాత నేను వడ్డిస్తుంటే పక్కకు జరిగేది.

అప్పుడు తిండి మాట మానేశాను. ఆ ఏడంతా గురజాల నుంచి వచ్చినప్పుడల్లా మధ్యాహ్నాలు దాని పక్కన కూర్చుని మిరపకాయల తొడిమలు తీసేదాన్ని. గురజాల కబుర్లు చెప్పేదాన్ని, మా అత్తగారిని అనుకరించి చూపించేదాన్ని. అలా కొన్నాళ్లు పోయాక, నేను అడగకుండానే తనే అంది:

"అక్కా, ముద్ద కలిపితే ఆ నవ్వు వినపడుద్ది. కలపకపోతే ఆగుద్ది. మొదట అంతే. ఇప్పుడు తిందామనుకున్నా చెయ్యి నోటికి పోవట్లేదు. చీర కట్టుకుంటుంటే ఇంకా లావుగానే కనపడతన్నా నాకు. అందరూ నా కాళ్లకు మొక్కుతుంటే, తిన్నానంటే వీళ్లందర్నీ మోసం చేసినట్టు గాదూ? నాకు భయంగా ఉందక్కా. ఆపడం నాకు చేతగావట్లేదు."

తొడిమలు తీసిన చేతులు మండుతున్నాయి. నేను కళ్లు తుడుచుకోలేదు. ఇది పంతం కాదు, భక్తి అసలే కాదు, ఏదో జబ్బు అని ఆ రోజు రూఢి అయింది. దాన్ని ఈ ఇంట్లోంచి తీసుకుపోవాలని, పోయేముందు మా అత్త నవ్విన చోటే మా అత్త తల దించాలని, రెండూ ఒకేసారి అనుకున్నాను. ఒకటి లేకపోతే రెండోది చేసేదాన్ని కాదేమో.

దారి మా అత్తే చూపించింది. శివరాత్రి దగ్గరికొస్తుంటే, ఈ ఏడు కూడా పిల్లను బెల్లంతో తూచాలంది. పాత మొక్కు తీరినా కొత్తగా మొక్కుకుంది. అంటు లేని పిల్ల, అన్నం ముట్టని పిల్ల, ఆమెను తూచిన బెల్లం ముక్క దొరికితే చాలని ఆడవాళ్లు అడుగుతున్నారట. కొండ కింద తన పీట ఎక్కడ వేసుకోవాలో కూడా అనుకుని పెట్టుకుంది. అమ్మ నా వైపు చూసింది, నేను అడ్డం పడతాననుకుని. "మంచి మాటన్నావు అత్తయ్యా, తప్పకుండా తూయాల్సిందే" అన్నాను. మా అత్త మొదటిసారి నన్ను మెచ్చుకుంది.

తర్వాత కొట్లోకి పోయి నాయన పక్కన నిలబడ్డాను. "నాయనా, పోయినేడు బెల్లం చాలక పక్క బండి దగ్గరికి పంపాల్సొచ్చింది. పదిమందిలో ఎంత తలవంపు. ఈసారి పోయినేడు పట్టిన అచ్చులన్నీ ముందే పలక మీద పెట్టించు. పిల్లను తర్వాత కూర్చోబెడదాం." నాయనకు ఆ మాట నచ్చింది. పోయినేడు ఎంత పట్టిందో ఎవరినీ అడగక్కర్లేదు, తను తూచింది తను మరిచిపోడు.

కొండ కింద మళ్లీ మూడు దుంగలు, మళ్లీ మా కాటా. పోయినేటికంటే జనం ఎక్కువ. మా అత్త పీట ముందు వరసలో వేశారు. పొద్దు ఇంకా నడినెత్తికి రాలేదు, కొండ మీద గంటలు మోగుతూనే ఉన్నాయి. నాయన లాభం, రెండు, మూడు అంటూ అచ్చులన్నీ పెట్టించాడు. పలక నేలకు ఆనింది. రెండో పలక మీదికి మా చెల్లెల్ని నేను చెయ్యి పట్టుకుని ఎక్కించాను. పసుపు చీరలో ముడుచుకుని కూర్చుంది. ఆడవాళ్లు చేతులు జోడించారు.

కాటా కదల్లేదు.

గొలుసు ఎక్కడో పట్టుకుందనుకుని నాయన దూలాన్ని చేత్తో కదిపి చూశాడు. ఏమీ పట్టుకోలేదు. మా చెల్లెలు గాల్లో అలాగే ఉంది, బెల్లం నేల మీద అలాగే ఉంది. నాయన ఒక అచ్చు తీశాడు. తీసేటప్పుడు ఏమనాలో మా ఆచారంలో లేదు. లాభం అనలేడు. నోరు మెదపకుండా ఇంకోటి తీశాడు, ఇంకోటి తీశాడు. పక్కనున్నవాళ్లు అందుకుని గంపలో పెడుతున్నారు. ఒక గంప నిండింది. జోడించిన చేతులు ఒకటొకటిగా కిందికి దిగాయి. "ఇదేంది, పిల్లలో ఏముంది" అంది ఎవరో ముసలమ్మ. రెండో గంప సగమైంది. ముల్లు ఇంకా నిలబడలేదు. పోయినేటి బెల్లంలో మిగిలిందేమిటో, గంపల్లోకి పోయిందేమిటో అందరూ చూస్తున్నారు. ఆ గంపల్లో ఉన్నది మా చెల్లెలే.

నాయన చేతిలో అచ్చు కింద పడేశాడు. కాటా దగ్గరికి పోయి పిల్లను రెండు చేతులా ఎత్తుకున్నాడు. బస్తాలు ఎత్తిన మనిషి. ఎత్తుకున్నాక ఒక్క క్షణం అక్కడే నిలబడిపోయాడు, తూచినట్టు. తర్వాత ఎవరి వైపూ చూడకుండా బండి దగ్గరికి నడిచాడు.

"ఒరేయ్, మొక్కు మధ్యలో ఆపితే అరిష్టంరా" అని మా అత్త లేచింది. చెల్లెలు వినేంత దూరంలో లేదని చూసుకున్నాకే నేను నోరు విప్పాను.

"కూర్చో అత్తయ్యా. చెరుకు తోట ఉన్నోడు అక్కర్లేదులే. నువ్వు చేసిన దానికి ఇప్పుడు కాటికాపరి చాలు."

ఆ గుంపులో ఎవరూ నవ్వలేదు. ఆడవాళ్లు ఆమె పీట పక్కనుంచి జరిగారు. తీర్థం పోయించుకున్నవాళ్లే ముందు జరిగారు. ఏడాదిపాటు నేను ఎదురుచూసింది ఆ జరగడం కోసమే. కడుపు నిండిపోయింది.

మర్నాడే గుంటూరు రైలెక్కాం. అక్కడ ఆడవాళ్ల ఆస్పత్రిలో ఒక డాక్టరమ్మ ఉండేది, సన్నటి మనిషి, నిదానంగా మాట్లాడేది. అంటు ఎప్పుడు ఆగిందని అడిగింది. అమ్మ ఇంకా ఆశ చావక "అమ్మవారి దయండీ" అంది. డాక్టరమ్మ అమ్మ చెయ్యి పట్టుకుంది.

"దయ కాదమ్మా. ఇంట్లో నూనె నిండుకుంటే ఏం చేస్తారు? ఒక్కో గదిలో దీపం ఆర్పుకుంటూ వస్తారు. ఈ పిల్ల ఒళ్లు అట్లా ఒక్కోటీ ఆర్పుకుంటూ వచ్చింది. అంటు ఆర్పింది, వేడి ఆర్పింది, జుట్టు ఆర్పింది. ఇప్పుడు గుండె దగ్గరికి వచ్చింది. ఇంకా ఆలస్యమైతే నేనూ ఏం చెయ్యలేకపోయేదాన్ని."

అమ్మ అప్పుడు ఏడ్చింది. ఇన్నాళ్లూ దాచుకున్నదంతా ఆ ఆస్పత్రి వరండాలో ఏడ్చింది. నాయన గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

ఇది పంతం కాదు, మనసుకు పట్టిన జబ్బు, అది ఒంటిని తింటుంది అని చెప్పింది డాక్టరమ్మ. ఆస్పత్రిలోనే ఉంచుకుంది. మేం వెంటనే అన్నం, నెయ్యి అని ఎగబడితే ఆపింది. మాడిన ఒంటికి ఒక్కసారిగా తిండి పెడితే అదీ ప్రమాదమేనట. గంజి, పాలు, కొంచెం కొంచెం, ఆమె చెప్పిన వేళకు, ఆమె చెప్పినంతే. నాతో విడిగా మాట్లాడింది. "నువ్వు పక్కన కూర్చో. నువ్వూ తిను. దాని పళ్లెంలోకి చూడకు. తింటే మెచ్చుకోకు, తినకపోతే తిట్టకు. లావయ్యావనీ అనొద్దు, చిక్కావనీ అనొద్దు. ఒంటి మాటే వద్దు. భయమేస్తోందంటే విను, అంతే." తిట్టకుండా ఉండటం నాకు ఎంత కష్టమో ఆమెకేం తెలుసు. అయినా విన్నాను. అన్నం గిన్నె ముందు పెట్టుకుని చెల్లెలు ఏడుస్తుంటే, నేను సినిమా కథలు చెబుతూ నా అన్నం తినేదాన్ని. కొన్ని రోజులు గంజి చల్లారిపోయేది. కొన్ని రోజులు నన్ను శత్రువును చూసినట్టు చూసేది. ఒకరోజు చెంచాతో సహా గిన్నె విసిరికొట్టింది. మర్నాడు మళ్లీ కూర్చున్నాం. గురజాలలో మా అత్తగారు కోడలు పుట్టింటికి పోయి అక్కడే కాపురం పెట్టిందని ఊరంతా చెప్పుకుంది. చెప్పుకోనిచ్చాను.

మా చెల్లెలు ఆ నవ్వు సంగతి డాక్టరమ్మకూ చెప్పింది. నేను మా అత్త గురించి పళ్లు కొరుకుతుంటే డాక్టరమ్మ, "ఒక్క మాటతోనే రాదమ్మా ఈ జబ్బు. ఇంకా చాలా కారణాలుంటాయి. ఒకరి మీద నేరం పెడితే పిల్లకు ఒరిగేది లేదు" అంది. ఆమె చెప్పినవన్నీ విన్నాను, ఆ ఒక్కటి తప్ప.

ఒకరోజు మా అత్త నాయన వెంట రైలెక్కి వచ్చింది, కొంగున ప్రసాదం మూట కట్టుకుని. వరండాలోనే నిలబెట్టాను. "డాక్టరమ్మ వద్దన్నది" అన్నాను. తినే వేళ ఆమె ఉండకపోతే మంచిదని మాత్రమే డాక్టరమ్మ అన్నది. మిగతాది నేను కలిపాను. మా అత్త కిటికీలోంచి ఒక్కసారి చూస్తానంది. కిటికీ మూశాను. సాయంత్రం బండికి నాయన వెంటే తిరిగిపోయింది. ఆ రోజు నాకు ఆకలి బాగా వేసింది.

చెల్లెల్ని ఇంటికి తెచ్చేముందు నాయనకు ఒకే మాట చెప్పాను. వంటింట్లో అత్తయ్య ఉంటే ఈ పిల్ల ఈ గడప తొక్కదు, నాతో గురజాల వస్తుంది. మేం ఇల్లు చేరేసరికి తాళాల గుత్తి అమ్మ నడుముకు ఉంది. మా అత్త ఇప్పుడు తన అన్నం కోసం అమ్మను పిలవాలి. అమ్మ పిలిపించుకునేది కాదు, ముందే వడ్డించేది. నాకు నచ్చేది కాదు.

మా అత్త అన్నం తింటుంటే చూశాను. పసితనం నుంచి ఒంటిపూట భోజనం, ఎడం చెయ్యి నేలకానించి, తల ఎత్తకుండా. ఇంకో ముద్ద వేసుకోమని జన్మలో ఎవరూ ఆమెను అడిగి ఉండరు. ఆమె ఉపవాసాలకు ఎవరూ కాళ్ల మీద పడలేదు, అవి ఆమె తలరాతన్నారు. చేతులు నాక్కుంటూ తినే పిల్లను చూసి ఆమెకు ఏమనిపించి ఉంటుందో, అన్నం మానేసిన పిల్ల పక్కన పీట ఎందుకు వేసుకుందో అర్థమైంది. అర్థమైతే క్షమించాలని ఏ శాస్త్రంలో ఉంది?

మూడో శివరాత్రి వచ్చింది. మధ్యలో ఆపిన మొక్కు అరిష్టమని మా అత్త నోరు తెరిచి అనలేదు గాని ఇల్లంతా ఆ మాటే తిరుగుతోంది. ఈ ఇంట్లో ఇక పిల్లను తూచేది లేదన్నాను. నాయనా అదే అన్నాడు. మా చెల్లెలే అడ్డం తిరిగింది.

"నేను కూర్చుంటా. పోయినేడు నన్ను ఎత్తుకుని దించారు. ఈ ఏడు నేనే దిగుతా."

దానికి పూర్తిగా నయమైందని కాదు. చెడ్డ రోజులు ఇంకా ఉండేవి, ముద్ద కలిపి ఆగిపోయే పూటలు ఉండేవి. తర్వాత పెళ్లయి, పిల్లలు పుట్టాక కూడా ఉన్నాయి. ఆ రోజుల్లో గురజాల నుంచి వచ్చి పక్కన కూర్చునేదాన్ని. కాని ఆ ఏడు దాని గాజులు మణికట్టు దగ్గరే ఆగుతున్నాయి, నవ్వితే కళ్లు మూసుకుపోతున్నాయి.

అదే చోటు, అదే కాటా, ఆ ముఖాలే. ఈసారి మా అత్తకు పీట ఎవరూ వెయ్యలేదు, గంపల పక్కన నిలబడింది. ఆమె ఒక్క మాట అంటే చాలని నేను నోట్లో మాటలు సిద్ధం చేసుకున్నాను, ఏడాది పొడుగునా నూరి పెట్టుకున్న మాటలు. చెల్లెలు తనంతట తనే కాటా ఎక్కింది. నాయన మొదలుపెట్టాడు. లాభం, రెండు, మూడు. ఒక గంప అయింది. రెండో గంప అడుక్కి వచ్చింది. ముల్లు ఊగుతోంది, నిలబడటం లేదు. గంపలో ఇక ఒక్క అచ్చే మిగిలింది, అది మా అత్త కాళ్ల దగ్గర ఉంది.

నాయన దానికోసం చెయ్యి చాచాడు. కాటా మీద నుంచి మా చెల్లెలు అంది, తూచేటప్పుడు మాట్లాడకూడదని తెలిసీ, పదిమందికీ వినపడేట్టు:

"అత్తయ్యా, నా బరువు ఇంకా ఉంది. అది గూడా పెట్టు."

మా అత్త నా వైపు చూసింది. నేను తల తిప్పుకోలేదు. ఆమె వంగి ఆ అచ్చు రెండు చేతులా ఎత్తింది, నాలుగడుగులు నడిచింది, పలక మీద పెట్టింది. ముల్లు నిలబడింది. "సరి" అన్నాడు నాయన.

మా చెల్లెలు దిగింది. బెల్లం ఇంకా స్వామి దగ్గరికి పోలేదు, పూజారి నీళ్లు చల్లలేదు. అది నేరుగా పలక దగ్గరికి పోయి, మా అత్త పెట్టిన అచ్చులోంచే ఒక ముక్క విరిచి నోట్లో వేసుకుంది. నైవేద్యం ఎంగిలి చేసింది. ఊరంతా చూస్తుండగా. ఎంగిలి అనాల్సిన మనిషి మా అత్త, చేతులకంటిన బెల్లం కొంగుకు తుడుచుకుంటోంది.

మా చెల్లెలు ఆ ముక్క నమిలి మింగేదాకా ఆమె ముఖంలోకే చూస్తూ నిలబడింది. నేనూ ఒక ముక్క విరుచుకున్నాను.